చేపల్లేని తొట్టికి మేత

పైపుల మేస్త్రీకి పక్షవాతం కుడిచేతితో ఆగలేదనీ, బుర్రకి కూడా ఎక్కిందనీ, చేపపిల్ల ఒక్కటి కూడా లేని తొట్టికి పొద్దునా సాయంత్రం మేత వేస్తున్నాడనీ మూడో అంతస్తు టైలరమ్మ ఇస్త్రీ ముసలాయనతో అన్నదట. ఇస్త్రీ ముసలాయన ఆ మాటని మడత నలగకుండా ఆసుపత్రి గేటు కాపలావాడికి అందించాడట. కాపలావాడు దాన్ని, "నేను చెప్పానని అనకమ్మా" అంటూ సాక్షాత్తూ మేస్త్రీ భార్యకే చెప్పాడు.

ఆవిడ ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఆపరేషన్ గదుల నేలలు కడుగుతోంది. డాక్టర్ల దగ్గర్నించి రోగుల దాకా అందరికీ ఆవిడ ఫినాయిలమ్మే. కోపం వస్తే గచ్చుని ఇంకాస్త గట్టిగా రుద్దడం తప్ప వేరే విద్య తెలియదు.

"మేత వేస్తున్న మాట నిజమే. బుర్ర మాట మాత్రం అబద్ధం," అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ రోజు నేలలు మరీ మెరిశాయి.

మేస్త్రీ ఒకప్పుడు కుళాయి బాగుచెయ్యడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒక వాషరూ, ఒక ఎత్తిపొడుపూ వదిలిపెట్టి వచ్చేవాడు. కూరలో ఉప్పు తగ్గితే "రోగుల కూడు ఇంటికి మోసుకొచ్చావేమే?" అనేవాడు. భార్య పళ్ళు కొరికేది. పక్షవాతం వచ్చినప్పుడు నోరు వంకర పోలేదు, అదృష్టవంతుడివన్నాడు డాక్టరు. కాని మాట మీద సరదా పోయింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తింటావా అంటే ఊ. పడుకుంటావా అంటే ఊ. ఒకనాడు కావాలనే కూరలో ఉప్పు వెయ్యడం మానేసి పెట్టిందావిడ. ఒక్క మాటైనా అనకుండా తిని, చెయ్యి కడుక్కున్నాడు. 

బస్టాండులో టికెట్ల కౌంటర్లో కూర్చునే కూతురు ఒక ఆదివారం ఫోనులో వీడియో పెట్టి తండ్రి ముందుంచింది. ఎవరో ఒకాయన పీపాని అడ్డంగా కోసి, కింది సగంలో చేపలూ, పై సగంలో గులకరాళ్ళు పోసి ఆకుకూరలూ పెంచుతున్నాడు. చేపల నీళ్ళు మోటారుతో పైకి ఎక్కుతాయి. మొక్కలకి అదే ఎరువు. రాళ్ళలో వడకట్టుకుని శుభ్రంగా మళ్ళీ చేపల దగ్గరికే దిగుతాయి.

మేస్త్రీ చాలాసేపు చూశాడు. "ఆ జాయింటు కారుతుంది," అన్నాడు.

ఐదు నెలల్లో అది అతని మొదటి పూర్తి వాక్యం. తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడే వరండాలోకి నీలం పీపా వచ్చింది, అటక మీది పనిముట్ల సంచీ కిందికి దిగింది.

కోయడం, మోయడం కూతురు చేసింది. గొట్టాల పని మాత్రం మేస్త్రీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రాళ్ళలోకి నీళ్ళు మెల్లగా ఎక్కి, ఒక ఎత్తుకి రాగానే గుడగుడమంటూ ఒక్క గుక్కలో దిగిపోవాలి. దాన్ని దించే గొట్టం బిగించడంలోనే ఉంది కిటుకంతా. గొట్టాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో తిప్పుతూ తొమ్మిది రోజులు కూర్చున్నాడు. పదో రోజు గుడగుడమంది. తర్వాత చేపలు తేకుండా మేత తెచ్చాడు.

"చేపలేవయ్యా?"

"ఇంకా తేలేదు."

"మరి ఈ మేత ఎవరికి?"

"కంటికి కనబడనివాళ్ళకి."

"దయ్యాలకా?"

"క్రిములకే పిచ్చిదానా. మేత కుళ్ళితే నీళ్ళలో విషం పుడుతుంది. ఆ విషం తినే క్రిములు రాళ్ళకి జిగురులా పట్టుకుంటాయి. అవి తిని వదిలిందే మొక్కకి ఎరువు. వాటి సంసారం కుదుటపడ్డానికి ఆరు వారాలు పడుతుంది. అప్పుడు చేపలు."

"ఇరవై రెండేళ్ళుగా నేను చంపుతున్నవాటికి నువ్వు ఇంట్లో అన్నం పెడుతున్నావా?"

"నీ దెబ్బకి పారిపోయి వచ్చినవాళ్ళేనే. పాపమని చోటిచ్చాను."

ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళెందుకు తడిశాయో పట్టించుకోలేదు.

రోజూ సాయంత్రం కూతురు ఒక గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి వెలుతురికి పెట్టేది. ఆకుపచ్చకి తిరిగితే విషం ఉన్నట్టు. లేత పసుపులో ఉంటే లేనట్టు. ఆరు వారాలు గడిచాక ఒక సాయంత్రం పసుపు రంగు నిలిచింది. తొమ్మిది బంగారు చేపలు వచ్చాయి. పుదీనా పాకింది, పాలకూర రెండాకులేసింది. గుడగుడ వినబడ్డప్పుడల్లా మేస్త్రీ తల పంకించేవాడు.

అలాంటి రోజుల్లో టైలరమ్మ కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి వచ్చి వరండాలోకి తొంగి చూసింది. మనసులో కల్మషం లేని మనిషే గాని నోటికి గుండీలు కుట్టుకోలేదు.

"వదినా, నువ్వు కడిగిన నేలమీద అన్నం పెట్టుకు తినొచ్చంటారు. నీ ఇంట్లో ఈ జిగురేమిటి, ఈ పాచేమిటి? రోగిష్టి మనిషి పక్కన?"

ఫినాయిలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్ గదిలో చీమ పాకినా ఒప్పుకోని మనిషి. ఆ రాత్రి అన్నం తింటున్నా ఆవిడకి రాళ్ళమీది జిగురే కళ్ళలో మెదిలింది.

గురువారం ఆవిడకి సెలవు. చేతికి వ్యాయామం చేయించడానికి తండ్రిని తీసుకుని కూతురు వెళ్ళింది. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే ఆవిడ కొంగు బిగించింది. మొక్కల్ని తడిగుడ్డలో పడుకోబెట్టింది. రాళ్ళన్నీ బకెట్లలోకి ఎత్తి, బ్లీచింగ్ పొడి కలిపి, జిగురంతా పోయేదాకా రుద్దింది. చేపల్ని గిన్నెలోకి తీసి పీపా మూలలు బ్రష్షుతో తోమింది. రాళ్ళూ మొక్కలూ మళ్ళీ సర్ది, కుళాయి తిప్పి తొట్టి నిండా కొత్త నీళ్ళు పట్టి చేపల్ని వదిలింది. రాళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. చేపలు గాజులో పెట్టినట్టు కనబడుతున్నాయి. మొగుడు ఏమంటాడో చూడాలని గుమ్మంలోనే కూర్చుంది.

మేస్త్రీ గడపలోనే ఆగి గాలి పీల్చాడు.

"కడిగావా?"

"అద్దంలా చేశాను, చూడు!"

అతను రాళ్ళలో ఎడమచెయ్యి పెట్టి, వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పటికే చేపలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కుళాయి నీళ్ళలో కలిపే మందు వాసన పోవడానికి అతను రెండు రోజులుగా ఎండలో నిలవబెట్టిన నీళ్ళ బకెట్టు ఒకటి ఉంది. కూతురు పరుగెత్తి చేతికి దొరికిన చేపల్ని దొరికినట్టు అందులో వేసింది. సాయంత్రానికి రెండు మిగిలాయి.

"అమ్మా, అదేమన్నా ఆపరేషన్ గదా? ఆ జిగురు కోసమే కదా నాన్న ఆరు వారాలు కాచుకుని కూర్చున్నది!"

"ఆ టైలరమ్మ పాచి అనేసరికి నాకు తల తిరిగిపోయిందే," అని ఆవిడ మంచం దగ్గర కూలబడింది. "ఏమయ్యా, తిట్టు. నీ నోటికొచ్చినట్టు తిట్టు."

"ఊ," అన్నాడు మేస్త్రీ. గోడవైపు తిరిగాడు.

ఎనిమిది రోజులు ఆ ఇంట్లో గుడగుడ లేదు, మాట లేదు. తొమ్మిదో రోజు డ్యూటీ దిగి ఫినాయిలమ్మ తిన్నగా రంగు చేపల కొట్టుకి వెళ్ళింది.

"మీ తొట్టెల్లో మురికి కాస్త కావాలి."

"మురికి పోగొట్టే మందా అమ్మా?"

"మురికే నాయనా. ఎన్నాళ్ళగానో కడగనిది."

కొట్టతను ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. విషయం విన్నాక నవ్వడం మాని, పాత తొట్టిలో నీళ్ళు వడకట్టే స్పాంజి ఒకటి తీశాడు. గోధుమరంగు జిగురు కారుతోంది. "తడి ఆరనివ్వకు. కడిగావంటే మళ్ళీ నా దగ్గరికి రాకు," అన్నాడు. ఆవిడ తన టిఫిను డబ్బా మూత తీసి దాన్ని అందులో పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో మురికిని ఒలక్కుండా మోసింది ఆ రోజే.

బ్లీచింగ్ వాసన పోయేదాకా రాళ్ళని మంచినీళ్ళలో నానబెట్టి కడిగింది. తొట్టిలో పోసే నీళ్ళని రెండు రోజులు ఎండలో నిలవబెట్టింది. మళ్ళీ రాళ్ళు నింపి, చేపల బకెట్టులో తడిగా ఉంచిన స్పాంజిని వాటి మధ్య దాచి, గురువారం పొద్దున్న మోటారు వేసింది. నీళ్ళు ఎక్కాయి. ఎక్కుతూనే ఉన్నాయి. గుడగుడ రాలేదు. అంచు దాటి వరండాలోకి, వరండా దాటి గదిలోకి పారాయి. తుడిచే గుడ్డ ఆవిడ చేతిలోనే ఉంది. తుడవలేదు. మోటారు ఆపలేదు. మంచం కింద మేస్త్రీ చెప్పులు నీళ్ళకి కదిలేదాకా అలాగే నిలబడింది.

"ఏమే, ఇల్లు ముంచుతావా?"

"నా చేత కావడం లేదు. లేచి చూడు."

గోడ పట్టుకుని వచ్చాడు. వంగి చూశాడు. "గొట్టం అడుగున గాట్లున్నాయి కదా, నీళ్ళు దూరేది వాటిలోంచే. రాళ్ళతో మూసేశావు. మోటారు ఆపు. గొట్టం ఇలా తే."

నీళ్ళలోనే పీట వేసుకుని, గొట్టాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆవిడ రాళ్ళు తోడుతోంది. మెట్ల మీదికి నీళ్ళు రావడం చూసి టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది. బకెట్టులో రెండే చేపలు.

"అయ్యో అన్నయ్యా, తొమ్మిది ఉండాలిగా? మిగిలినవి ఎలా చచ్చాయి?"

ఫినాయిలమ్మ చెయ్యి రాళ్ళలోనే ఆగిపోయింది. నిజం బయటపడితే మధ్యాహ్నానికి ఇస్త్రీ బల్ల దగ్గరా, సాయంత్రానికి ఆసుపత్రి గేటు దగ్గరా ఉంటుంది.

మేస్త్రీ తల ఎత్తలేదు. గొట్టం తిప్పుతూనే అన్నాడు: "నీ మాట విని కడిగితే చచ్చాయమ్మా. ఈసారి వచ్చేటప్పుడు నోరు ఇంట్లో పెట్టి రా."