తొమ్మిది సీసాలు

ఒక బుడగ పైకి వెళ్లింది.

ఆమె చెంపను రాసుకుంటూ... మెల్లగా... ఆరు నిలువుల నీటిని దాటుకుంటూ.

సీసా మూత తీసింది ఆమే. తీయొద్దని మేస్త్రీ చెప్పే పంపాడు. చెబితే వినే రకం కాదు ఆమె. అంతా తండ్రి పోలిక.

సరస్సు అడుగున, బురదలో, తొమ్మిది గాజు సీసాలు. ఒక్కోదాని మెడకూ ఒక రాయి కట్టి ఉంది. నీళ్ల గొట్టం వేయాలి, అడుగు చూసి రమ్మంటే దిగినవాళ్లకు ఇవి కనబడ్డాయి. ఒడ్డున ఊహలకేం కొదవ? నిధి అన్నారొకరు. విషం అన్నారింకొకరు.

ఆమె సీసాతో పడవ ఎక్కింది.

"ఏముంది లోపల?" అన్నాడు మేస్త్రీ.

"ఏమీ లేదన్నా. ఒట్టి గాలి."

"గాలిని ముంచడానికి రాయి కట్టారా? పనీపాటా లేనోళ్లు!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది.

అప్పుడు చూసింది — సీసా మెడకున్న ముడిని.

ఎడమచేతి ముడి. కొసను రెండుసార్లు వెనక్కి దోపిన ముడి. తొలిసారి నీళ్లలోకి దించుతూ నాన్న ఆమె నడుముకు వేసిన ముడి.

నాన్న గజ ఈతగాడు. వీపున గాలి సిలిండర్లు లేని రోజులవి. గుండెల్లో పట్టినంత గాలే ఆస్తి.

"అడుగున కాస్త ఊపిరి దాచొస్తున్నానే. ముసలాణ్ణయ్యాక పనికొస్తుంది," అనేవాడు.

ఆమె పడీ పడీ నవ్వేది.

ముసలివాడయ్యాడు. ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆసుపత్రి మంచం మీద, మాట పెగలక, కిటికీ వైపు చెయ్యి చాచాడు. కిటికీ అవతల సరస్సు.

చలిగాలికి కాబోలు అనుకుంది ఆమె. లేచి కిటికీ మూసేసింది.

మూసేసింది...

ఆయన ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

"మిగతా ఎనిమిదీ తెచ్చెయ్. తెరిచి చూసి పారేద్దాం," అన్నాడు మేస్త్రీ.

ఇది నాన్న ముడి అని చెబితే నవ్వుతారు. మళ్లీ దిగింది.

బురద. పచ్చటి చీకటి. ఎనిమిది సీసాలు, ఎనిమిది ముడులు. పైకి చేరడానికి ఉంచుకోవలసిన గాలిని ఎనిమిదిసార్లు ఇక్కడే వదిలి వెళ్లాడు ఆ మనిషి.

తొమ్మిదోది ఆమే పారబోసింది. తెలియక.

ఏడుపొచ్చింది. నీళ్ల కింద ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? కళ్లద్దం లోపల మసకబారుతుంది, అంతే.

ఒక సీసాను చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది.

నడుముకున్న తాడు పైనుంచి ఒకసారి కదిలింది. బాగున్నావా అని. బాగుంటే తిరిగి ఒకసారి లాగాలి.

ఆమె చేతులు ఖాళీగా లేవు, సీసా మూత ఊడకుండా పట్టుకున్నాయి.

తాడు మళ్లీ కదిలింది.

బుడగలు పైకి వెళ్తున్నాయి... ఒకటి... ఇంకొకటి...

అన్నీ ఆమెవే.