ఖాళీ కాగితం

దారానికి మైనం రాసి సూదిలోకి ఎక్కించబోయింది బైండింగమ్మ. మూడుసార్లు గురి తప్పింది. నాలుగోసారి కంటిని నమ్ముకోవడం మానేసి, వేలికొసతో బెజ్జం తడిమి ఎక్కించింది.

గ్రంథాలయం వెనకగదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. చినిగిన పుస్తకాలు విప్పి, కుట్టి, అట్ట వేయడం. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు. కుట్టాక పేజీల అంకెలన్నీ ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూసుకునేది. ఎవరినీ నమ్మదు. అచ్చు వేసినవాళ్లను అసలే నమ్మదు.

ఇవాళ ఆఖరిరోజు. చిన్న అక్షరాలు ఇక అలుక్కుపోవడమే తప్ప కుదురుకోవని కంటి డాక్టరు తేల్చేశాడు. కౌంటరులో పనిచేసే మేనకోడలు మధ్యాహ్నం వచ్చి, అత్త ఫోనులో పుస్తకాలు చదివే యాప్‌లు మూడు వేసింది.

"అక్షరాలు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చత్తా. ఒకటి ఎంచుకో. లేకపోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి."

మొదటిది తెరవగానే ఫోనులో నంబర్లన్నీ చూడనిమ్మంది.

"కథ చదువుకోడానికి మా ఆడపడుచు నంబరు దీనికెందుకే?"

"వద్దని నొక్కెయ్."

"అడిగినప్పుడే దాని బుద్ధి తెలిసిపోయింది. తీసెయ్."

రెండోదాంట్లో మేనకోడలు ఒక పాత నవల తెరిచి అక్షరాలు పెంచింది. రెండువందల పది పేజీల నవల మూడువందల తొంభై అయింది. బైండింగమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది.

"చూశావా! నూట ఎనభై పేజీలు ఎక్కణ్ణించో తెచ్చి కలిపేసింది!"

మేనకోడలు పడీపడీ నవ్వింది. "అక్షరం లావెక్కితే పేజీలు పెరగవా అత్తా?"

"పెరగవు. నేను కుట్టినవేవీ పెరగలేదు."

మూడోది ఏమీ అడగలేదు.

"ఇంత మంచితనమేమిటే దీనికి?" అని కళ్లు చికిలించింది బైండింగమ్మ. లేచి, అలమారులోంచి అదే నవల తీసుకొచ్చింది. పద్నాలుగేళ్ల కిందట అది చేతికొచ్చేసరికి మధ్యలో ఒక కాగితం ఎవరో చింపేశారు. ఇంకో ప్రతి దొరక్క, అక్కడ ఖాళీ కాగితం పెట్టి కుట్టింది. ఎనభై ఆరో పేజీలో కథలోని ఆవిడ పెట్టె పట్టుకుని గడప దాటుతుంది. ఎనభై తొమ్మిదిలో ఆవిడే అదే ఇంటి వంటింట్లో పొయ్యి వెలిగిస్తుంటుంది. మధ్యలో ఏమైందో తెలియదు.

అంకెల మీద నమ్మకం పోయింది కనుక, మూడోదాంట్లో ఆ నవల తెరిపించి, గడప దాటిన వాక్యం కోసం ఒక్కొక్క తెరా జరిపింది. దొరికింది. దాని తర్వాత పది వాక్యాలు, అక్కడితో ఆ అధ్యాయం అయిపోయింది. కొంగున తాళంచెవి ఉండిపోయిందని ఆవిడ వెనక్కి వచ్చింది. ఆమె వెళ్లినట్టే ఇంట్లో ఎవరూ గమనించలేదు.

బైండింగమ్మ ఆ పది వాక్యాలూ మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఇది ఉండనీవే," అంది చివరికి. "ఇది ఏదీ దాచుకోలేదు."

మేనకోడలు కౌంటరుకి వెళ్లాక కలం తీసింది. ఫోను పక్కన పెట్టుకుని ఆ పది వాక్యాలూ ఖాళీ కాగితం మీదికి ఎత్తి రాసింది. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి సరిచూసింది.

అయిదింటికి గది తాళంచెవి లైబ్రేరియన్ బల్ల మీద పెట్టింది. "రేపు తొందరగా రండమ్మా, పని చాలా ఉంది," అన్నాడాయన తలెత్తకుండానే. ఆమె వెనకదారిన వెళ్లిపోయింది.

గదిలో నవల తెరిచే ఉంది. సిరా ఆరేదాకా మూసుకోకుండా దాని అంచున మైనం ముద్ద, ఒంటినిండా దారం గీసిన గాట్లతో.