గట్టు కోసం కొన్న టైరు

నేను ఒక టైరుని. పికప్ బండికి వెనకవైపు ఎడమ చక్రాన్ని. కారు టైర్లలా నున్నగా, మర్యాదగా ఉండేదాన్ని కాను. ఒళ్లంతా పెద్ద పెద్ద గడులు, గడికీ గడికీ మధ్య వేలు దూరేంత సందులు, చాలదన్నట్టు పక్కల మీద కూడా పళ్లు. రాయైనా, బురదైనా, ఇసకైనా ఎక్కి దిగాలని నన్నలా చేశారు. మా జాతికి ఆల్ టెరైన్ అని గొప్ప పేరే ఉంది గానీ, తణుకు మస్తాన్ గారి షాపులో 'మొరటు టైరు' అంటే చాలు, వేలు నా వైపే చూపించేవారు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడివో చెట్ల పాలు, ఫ్యాక్టరీలో కలిపిన మసి, గంధకం, లోపల ఉక్కు తీగలు. కాగే అచ్చులో పెట్టి నొక్కితే పావుగంటలో పుట్టేశాను. తొమ్మిది నెలలు మోసి కనే మనుషులు మమ్మల్ని చూసి కుళ్లుకోవాలి. కానీ ఆ తరవాత షాపులో గోడకి చేరగిలబడి ఎనిమిది నెలలు గడిపాను. వచ్చినవాళ్లు నన్ను అరచేత్తో చరిచి, "అబ్బో, గట్టిదే" అని మెచ్చుకుని, పక్కనున్న నున్నటి టైరు కొనుక్కుని పోయేవారు. మనుషులకి మెచ్చేది వేరు, ఇంటికి తెచ్చుకునేది వేరు అని నాకప్పుడే తెలిసింది.

అలాంటి నన్ను ఏరికోరి అడిగినవాడు ఏడుకొండలు. నలభై దాటిన మనిషి. రొయ్యపిల్లల్ని మోసే బండి అతనిది. తుని దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న హేచరీలో, రెప్పవెంట్రుకంత పిల్లల్ని నీళ్లూ ఆక్సిజనూ నింపిన సంచుల్లో కట్టి, ఐసు పెట్టిన పెట్టెల్లో సర్ది ఇస్తారు. ఎండ ముదరకముందే వాటిని ఆకివీడు, కైకలూరు వైపు చెరువులకి చేర్చాలి. రెండొందల కిలోమీటర్ల దారి. అంతా నల్లటి తారే. చివర చెరువుగట్టు మీద ఒక్క కిలోమీటరు మాత్రం మట్టి.

మస్తాన్ గారు సరుకు అమ్ముడుపోతే చాలనుకునే మనిషి కాదు. హైవే మీద తిరిగే బండికి ఇవి దండగన్నారు. మోత మోగుతాయనీ, డీజిలు తాగుతాయనీ, వానలో తారు మీద బ్రేకు కొడితే నున్నటి టైరంత తొందరగా ఆగవనీ, పైగా బురద మొహం చూడకుండానే గడులు అరిగిపోతాయనీ ఓపిగ్గా చెప్పారు. ఏడుకొండలు అంతా విన్నాడు.

"రెండొందల కిలోమీటర్లు ఏ టైరైనా పోద్దండి మస్తాన్ గారూ. నా బాధ ఆ ఒక్క కిలోమీటరుతోనే" అన్నాడు.

నేను పొంగిపోయాను. గాలి కొట్టకముందే.

నాలుగు చక్రాలకీ మమ్మల్నే వేశారు. పాత టైర్లలో కాస్త బాగున్నదాన్ని స్టెప్నీగా బండి కింద బిగించారు. ఇంటి ముందు ఏడుకొండలు భార్య భూలక్ష్మి మాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది. లోకంలో నేను చూసిన మొదటి రుచి పులుపు. బొట్టు పెడుతూ ఆవిడ గొంతు తగ్గించి, "ఈసారన్నా బండి మా పుట్టింటి వైపు పోద్దాండీ?" అని అడిగింది. ఏడుకొండలు వినపడనట్టు డ్రైవర్ సీట్లోకి ఎక్కేశాడు. దాని వెనక కథేమిటో నాకు స్టెప్నీ చెప్పింది.

భూలక్ష్మి అన్న ముత్యాలరావుకి ఆకివీడు దగ్గర చెరువు ఉంది. కిందటేడు వానల్లో అతని చెరువుకి పిల్లల్ని వేసుకెళుతూ ఏడుకొండలు గట్టు మీద దిగబడ్డాడు. గట్టు చివర మోటారు షెడ్డులో ముత్యాలరావూ, నలుగురు కూలీలూ ఉన్నారు. ఒక్క కేక వేస్తే వినపడే దూరం. కానీ ఇంటి అల్లుడు బురదలో కూరుకుపోయి, అత్తారివాళ్లని సాయానికి పిలవడమా? ఏడుకొండలుకి అది నామోషీ. దాంతో ఎక్సలేటరు తొక్కాడు. తొక్కినకొద్దీ చక్రం లోపలికి పోయింది. కొమ్మలు వేశాడు, రాళ్లు వేశాడు, మళ్లీ తొక్కాడు. గంటన్నర గడిచింది. బండి ఇంకా రాలేదేమని ముత్యాలరావు నడుచుకుంటూ వచ్చేసరికి ఐసు కరిగి, పిల్లలు సంచుల అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. ముత్యాలరావు ఒక సంచి ఎత్తి చూసి, కింద పెట్టేశాడు. తరవాత, ఇంకోసారి నీ బండి నా గట్టెక్కితే ఒట్టు అన్నాడు.

అప్పటినుంచి భూలక్ష్మి పుట్టింటి గడప తొక్కలేదు. ఆవిణ్ణి రావద్దని ఎవరూ అనలేదు. మొగుడి బండి వెళ్లని చోటికి తను వెళ్లనని ఆవిడే అనుకుంది. కానీ వదిన ఫోను చేసిన రోజున ఆవిడ ముఖం చూస్తే నాకే జాలేసేది. రాయీ రప్పా నలపడానికి పుట్టిన నాకే.

"ఏడుకొండలు ఊరందరికీ ఏం చెప్పాడో తెలుసా?" అంది స్టెప్నీ. "టైర్లు నున్నగా ఉన్నాయి, అందుకే జారిందని. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నోరున్నవాడు కేక వెయ్యకపోతే, నోరులేని దాని మీద తప్పు పడింది."

ముసలిదానికి కడుపుమంట అనుకున్నాను. కొత్తగా వచ్చినదాన్ని, నాకు నా గడుల మీదే గురి.

ఇక మొదలైంది నా తారురోడ్డు సంసారం. అరవై దాటితే చాలు, మా నలుగురి నుంచీ తేనెతుట్ట కదిలినట్టు ఒకటే రొద. ఏడుకొండలు పాటల మోత పెంచేవాడు, మేం మా మోత పెంచేవాళ్లం. టోల్‌గేటు దగ్గర తోటి డ్రైవర్లు మమ్మల్ని చూసి, "పేరులోనే ఏడు కొండలున్నాయి, ఎనిమిదోది ఎక్కుదామనా?" అని ఆటపట్టించేవాళ్లు. గోదావరి డెల్టాలో కొండ కాదు కదా, ఎత్తైన దిబ్బ కూడా కనపడదు. అతను నవ్వి ఊరుకునేవాడు. అతని మనసులో ఉన్న గట్టు ఎవరికి తెలుసు?

ఏడాది గడిచింది, రెండో ఏడు వచ్చింది. మిగతా రైతులు తమ గట్ల మీద గ్రావెల్ పోయించుకున్నారు. బురద అంటే ఏమిటో నేను సరిగ్గా చూడనే లేదు. తారు మాత్రం రోజూ కొంచెం కొంచెం నన్ను తినేసింది. గాలి కొట్టించడానికి ఆగినప్పుడు మస్తాన్ గారు నా సందులో రూపాయి బిళ్ల నిలబెట్టి చూసి, తల అడ్డంగా ఊపారు. నేను చెప్పానా అని మాత్రం అనలేదు. అది ఆయన మంచితనం.

ఆ శ్రావణంలో ఒక తెల్లవారుజామున హేచరీలో పెట్టెలు ఎక్కించాక, ఏడుకొండలు చేతికి చీటీ ఇచ్చారు. రావలసిన వేరే బండి చెడిపోయిందట, అతన్ని వెళ్లమన్నారు. చీటీ మీద ముత్యాలరావు పేరుంది. ఏడుకొండలు దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివాడు. కుదరదనొచ్చు. కానీ సంచుల్లో కట్టిన పిల్లలకి మనుషుల పంతాలు తెలియవు. బండి కదిలింది. ఆ రోజు అతను పాటలు పెట్టలేదు. నేను మాత్రం మనసులో ఎగిరి గంతేశాను. నన్ను కొన్నది ఈ రోజు కోసమే.

తణుకు దాటాక చినుకులు మొదలయ్యాయి. ఎనిమిదింటికి ముత్యాలరావు గట్టు దగ్గరికి చేరాం. గ్రావెల్ లేని గట్టు, రాత్రంతా నానిన నల్లమట్టి. సగం దూరం బాగానే పోయాం. మలుపు దగ్గర బురద నా సందుల్లో నిండిపోయింది. కొత్తలో అయితే విదిలించి పారేసేదాన్ని. పట్టూ విడుపూ రెండూ ఉంటేనే టైరు. నాకిప్పుడు రెండూ లేవు. నిజం చెప్పాలంటే సిగ్గుగానే ఉంది, కానీ చెప్తాను. నేను జారాను. జారి, గాడిలో పడి, ఉన్నచోటే గిర్రున తిరిగాను.

ఏడుకొండలు ఒకసారి ఎక్సలేటరు తొక్కాడు. రెండోసారి తొక్కాడు. నేను జానెడు లోపలికి దిగాను. మూడోసారి అతని కాలు పెడలు మీదే ఆగిపోయింది. ఇంజను ఆపేశాడు. వానచినుకులు పెట్టెల మీద పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చుని, చెప్పులు విడిచి, బురదలోకి దిగాడు.

"బావా," అని కేకేశాడు. అది నాకు మాత్రమే వినపడింది. మళ్లీ కేకేశాడు. "ముత్యాలరావు బావా, బండి దిగబడిపోయింది. నావల్ల కాట్లేదు. ఓ చెయ్యెయ్యండి."

షెడ్డు దగ్గర ముత్యాలరావు లేచి నిలబడ్డాడు. బండిని చూశాడు, మనిషిని చూశాడు. వస్తాడో రాడో నాకు అర్థం కాలేదు. తరవాత లుంగీ ఎగగట్టి, కూలీలని రమ్మని చెయ్యి ఊపి, గట్టు మీద గబగబా నడిచొచ్చాడు. వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పెట్టెలన్నీ పావుగంటలో దాటించేశారు. పిల్లల్ని వచ్చీరాగానే నీళ్లలో వదలకూడదు. సంచుల్ని విప్పకుండా చెరువులో తేలేసి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక వేడికి వచ్చేదాకా అరగంట ఆగాలి. ఆ అరగంటా ఎవరికీ పనుండదు. బావాబావమరుదులు ఇద్దరూ గట్టు మీద, నాకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు.

ముత్యాలరావు ఒక సంచి ఎత్తి వెలుగుకి పట్టి చూశాడు. పిల్లలు చురుగ్గా ఈదుతున్నాయి. సంచిని మెల్లగా నీళ్లలో పెట్టి, చెరువు వైపే చూస్తూ అన్నాడు.

"నా కోపం ఆ రోజు పిల్లలు పోయినందుక్కాదు బావా. ఇంత దగ్గర్లో ఉన్నాం, పిలవడానిక్కూడా మేం పనికిరాలేదా అని."

"తప్పు నాదే బావా. టైర్లని అన్నాను గానీ, నాదే," అన్నాడు ఏడుకొండలు.

ముత్యాలరావు, చెల్లాయి ఎలా ఉందని అడిగాడు. ఏడుకొండలు ఫోను తీసి భూలక్ష్మికి కలిపాడు. పిల్లలు బాగున్నాయా అన్నది ఆవిడ మొదటి మాట. బాగున్నాయనీ, మీ అన్నయ్య మాట్లాడతాడటనీ చెప్పి ఫోను అతని చేతికిచ్చాడు. ముత్యాలరావు ఫోను చెవికి ఆనించుకుని, తడిచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ట్రాక్టరు తెచ్చి నన్ను బురదలోంచి లాగారు. ఆ నెలలోనే ఏడుకొండలు మస్తాన్ గారు చెప్పిన హైవే టైర్లు వేయించుకున్నాడు. బండికి ఇప్పుడు మోత లేదట. నన్ను ముత్యాలరావు అడిగి తెచ్చుకుని షెడ్డు దగ్గర వేశాడు, కూర్చోడానికి పనికొస్తానని. ఇక్కడ పడుకుని ఒకటే ఆలోచిస్తుంటాను. ఆ రోజు నేను పట్టు తప్పకుండా గట్టంతా ఎక్కేసి ఉంటే, ఏడుకొండలు పెట్టెలు దించి, చీటీ మీద సంతకం పెట్టించుకుని, తల దించుకుని వెళ్లిపోయేవాడు. రెండేళ్ల నా కష్టంలో వాళ్లకి పనికొచ్చింది నేను జారడం ఒక్కటే.

మొన్న భూలక్ష్మి వచ్చింది. నా మీద కూర్చుని, వదిన ఇచ్చిన టీ తాగుతూ, అరిగిపోయిన నా వీపు మీద అరచేత్తో తట్టింది.

"ఏమన్నా అనండి వదినా, మమ్మల్ని గట్టెక్కించింది ఈ టైరే," అంది.

నేను ఆ గట్టు ఎక్కలేదని ఆవిడకి బాగా తెలుసు.