నలభై ఒకటో నంబరు

ఆమె ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు: స్నేహితురాలు తిరిగి రాకపోతే బావుణ్ణని కోరుకుంది. ఒక్కసారి కాదు. పద్దెనిమిది రోజులు, రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి, సరిగ్గా హాజరు పిలిచే వేళకి.

కాలేజీ బైండింగ్ గదిలో చిరిగిన పుస్తకాలకి జిగురు పూయడం ఆమె పని. బడి మధ్యలో మానేసింది. నేర్చుకున్నదంతా ఆ పుస్తకాల్లోంచే. వాటికి మొదలూ చివరా ఊడిపోయి ఉంటాయి కాబట్టి, ఆమెకి ఏ శాస్త్రమైనా మధ్యలోంచే వచ్చు. "సగం పండితురాలా!" అని ఏడిపించేది స్నేహితురాలు. హాస్టల్లో ఉండే ఆ పిల్లది హాజరు పట్టీలో నలభై ఒకటో నంబరు. ఏం మాట్లాడాలన్నా ముందు ఓసారి ముక్కు ఎగబీల్చేది.

"రెండ్రోజులు నా బదులు పలకవే. మేష్టారు తలెత్తి చూస్తే ఒట్టు," అంది, ప్రేమించినవాడి ఊరికి బస్సెక్కుతూ. అక్కడి గది చిరునామా చీటీ మీద రాసిచ్చింది. "మా అమ్మకి చెప్పావో, చంపేస్తా."

రెండ్రోజులు కాస్తా వారాలయ్యాయి. అవతలి ఫోను మోగి మోగి ఆగేది. తర్వాత మోగడమే మానేసింది. ఛార్జింగ్ లేదేమోలే అనుకుంది ఆమె. క్లాసులో కూర్చుంటే పాఠాలకి మొదళ్లు దొరుకుతున్నాయి మరి.

ఆ పాఠాలు మూడో నంబరు గదిలో జరుగుతాయి. అక్కడ ఉన్నవాళ్ల హాజరు అయ్యాక, ఆ గదిలో చదువుకుని చనిపోయినవాళ్లు గోడలోంచి పలుకుతారు. తొలినాళ్లవాళ్లు "చిత్తం" అంటారు, తర్వాతివాళ్లు "హాజరండి", ఈమధ్య పోయినవాళ్లు "యెస్ సార్". అంతసేపూ మేష్టారు కళ్లజోడు తుడుచుకుంటూ ఆగుతారు. కాలేజీని విశ్వవిద్యాలయంలో కలిపిన ఏడాది తనిఖీకొచ్చిన అధికారి, ఆ గొంతులన్నీ విని, "పిల్లలు బాగానే వస్తున్నారే," అని సంతకం పెట్టి వెళ్లాడట.

పంతొమ్మిదో రోజు, ఆఖరి "యెస్ సార్" తర్వాత గోడలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. మాట రాలేదు. ఊపిరి మాత్రం వినిపించింది, తడబడుతూ.

"పాపం, ఎవరికో ఒంట్లో బాలేదు," అని మేష్టారు పుస్తకం తెరిచారు.

గంట కొట్టే తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"తాతా, ఊపిరొక్కటే వస్తే ఏంటి?"

"ఇంకా పోలేదని. ఊపిరి ముందొస్తుంది, మాట వెనకాలొస్తుంది. మహా అయితే మూడ్రోజులు."

"మాట రాకుండా ఆగదా?"

"మన ఆఫీసు టైపిస్టమ్మ ఇక్కడే చదివింది, ఆమెది ఆగిందిగా. ఎవరో వేళకి ఆసుపత్రిలో పడేశారు. ఇప్పుడు చూడు, రోజూ నా ప్రాణం తీస్తోంది." తాత ఆమె ముఖంలోకి చూశాడు. "ఎవరిదే అది?"

పేరు చెబితే బైండింగ్ గదీ పోతుంది, మూడో నంబరు గదీ పోతుంది. హాజరు చీటీ వారం వారం ఆ పిల్ల ఇంటికెళ్తోంది. కూతురు ఒక్క క్లాసూ మానలేదని ఆ తల్లి నలుగురికీ చెప్పుకుంటూ ఉండి ఉంటుంది. ఎవరు పలికారమ్మా మరి, అని అడుగుతుంది.

ఖాళీ అయిన మూడో నంబరు గదిలోకి వెళ్లి ఆమె గోడకి చెవి ఆనించింది. ఊపిరి వచ్చింది. చాలాసేపు రాలేదు. మళ్లీ వచ్చింది.

బ్యాలెన్సు లేనప్పుడల్లా ఆ పిల్ల ఈమె ఫోన్లోంచే ఇంటికి చేసేది. 'మా అమ్మ' అని తనే నంబరు దాచిపెట్టుకుంది. ఆమె చిరునామా చీటీ తీసి బల్ల మీద సాపుచేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు.

మధ్యలోంచే చెబుదాం అనుకుని, ఫోను తీసింది.