నిండిపోయిన నేల

మధ్యాహ్నం భోజనాల వేళ మీసాలాయన తోట మాయమైంది.

ముందు కంచె పోయింది, తర్వాత బెంచీ, ఆ తర్వాత మనవరాలి కోసం ఆయన ముచ్చటపడి కట్టిన ఉయ్యాల. తెర మీద బోసి పచ్చిక మిగిలింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్క తెర మీద ఇంకొకరి గుడిసె పోయింది, ఆ పక్కన ఇంకొకరి పడవ. హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి తమ తమ ప్లాట్లు తుడిచిపెట్టుకుపోవడం చూశారు. ఒళ్ళు హూనమయ్యే పని ముగిశాక, కళ్ళు మండుతున్నా కూర్చుని, తమ కోసం తాము కట్టుకున్నవి అవి.

"లిమిట్ దాటింది. నేనేం చేయను?" అన్నాడు కాంట్రాక్టరు, గాజు గది గుమ్మంలో నిలబడి. "నేల ఎన్ని దిమ్మలు మోస్తుందో అన్నే ఉండాలి. అది ఆ ఊరి రూలు, నాది కాదు."

ఆ ఊరు తెరలోపలి ఊరు. ఎక్కడెక్కడి జనమో తమ ఇళ్ళలో కూర్చుని ఆ ఊళ్ళోకి వస్తారు, తిరుగుతారు, ఇళ్ళు కొంటారు. దాన్ని కట్టేది మాత్రం ఈ హాల్లోవాళ్ళు. అక్కడ గోడైనా గుమ్మమైనా దిమ్మ మీద దిమ్మ పేర్చి కట్టాల్సిందే. ఒక్కో ప్లాటు ఇన్ని దిమ్మలే మోస్తుంది. మించి ఒక్కటి పెట్టబోయినా 'ఈ నేల నిండిపోయింది' అని తెర మొహమ్మీదే చెప్పేస్తుంది.

ఆ రోజు చెక్కుచెదరకుండా మిగిలింది ఒకే ఒక్క ఇల్లు. అది పిన్ని కూతురు కట్టింది.

పిన్ని హాల్లో చిన్నా పెద్దా అందరికీ పిన్నే. మెట్లు కట్టడం ఆమె పని. కూతురు పక్క కుర్చీలోనే కూర్చుని కిటికీలు చేసేది. తెర మీది వంతెన పని అయ్యేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదని కాంట్రాక్టరు హాలు తలుపులు వేయించిన ఆ వారంలో పిల్లకి జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతోందని పిన్ని బతిమాలింది. "వంతెన కానీండమ్మా, బండిలో నేనే దింపిస్తాను" అన్నాడు. వంతెన అయింది. బండీ వచ్చింది. పిల్ల ఆస్పత్రి గుమ్మంలోనే కన్ను మూసింది.

"పోయిన పిల్ల ఇల్లు. దాని జోలికి నేనెలా వెళ్తాను? నాకూ పిల్లలున్నారు" అన్నాడిప్పుడు కాంట్రాక్టరు. కొందరికి కళ్ళు చెమర్చాయి. పిన్ని చేతులెత్తి దండం పెట్టింది. చంపినవాడికి దండం పెట్టించుకోవడం కూడా తెలుసు ఆ పెద్దమనిషికి!

సాయంత్రం హాలు బయట మెట్ల దగ్గర అందరూ గుమిగూడారు. కోపంగా ఉన్నారు గానీ ఎవరి మీద కోపమో ఇంకా తేలలేదు.

"రూలంటున్నాడు కదా, ఏం చేస్తాం?" అన్నాడు మీసాలాయన.

"మన ప్లాట్లు ఎవరి పేరున ఉన్నాయి?" అని అడిగింది కళ్ళద్దాలమ్మాయి. పగలు చదువుకుంటూ సాయంత్రం షిఫ్టుకి వచ్చే పిల్ల అది.

"కాంట్రాక్టరు పేరునే. మనమే కదా పెట్టించుకుంది," అన్నాడు మీసాలాయన.

నిజమే. ప్లాట్లన్నీ ఒకే పేరున ఉంటే వాటి దిమ్మలన్నీ ఒకే రాశిలో పడతాయి. చిన్న గుడిసె కట్టుకున్నవాడు వదిలేసినవి పెద్ద కుటుంబం ఉన్నవాడు వాడుకోవచ్చు. తెర మీది ఇంట్లోనైనా అందరూ పట్టాలి కదా అని వీళ్ళే వెళ్ళి అడిగారు. అన్నదమ్ముల్లా పంచుకుందామనుకున్నారు. కాంట్రాక్టరు ఆనందంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోడూ మరి!

"ఆ ఊరి బజార్లో కాంట్రాక్టరుకి మనం కడుతున్న మేడ చూడండి," అంది అమ్మాయి. "దాని కిందున్న నేలెంత? అంత మేడని ఆ కాస్త నేల మోస్తుందా?"

"మోయదు," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"మరి ఎవరి నేల మోస్తోంది?"

మీసాలాయనకి లెక్క తెలిసింది. "మనది బోసిగా ఉంటేనే వాడిది పైకి లేస్తుందన్నమాట."

"అయితే బోసిగా ఉంచొద్దు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మర్నాడు పొద్దున్నే అందరూ తమ ప్లాట్లలో చేతికందింది పెట్టేశారు. గోడలు, స్తంభాలు, ఎందుకూ పనికిరాని పెట్టెలు. మేడ పని ఆగిపోయింది. హాల్లో నవ్వులే నవ్వులు. మధ్యాహ్నానికి ఆ నవ్వులు ఆరిపోయాయి. కాంట్రాక్టరు అన్నిటినీ చెరిపించాడు. కొత్త దిమ్మ చేసే బటన్ అందరి తెరల మీదా పనిచేయడం మానేసింది. సాయంత్రం కొనేవాళ్ళు ఊళ్ళోకి వస్తారు. వాళ్ళ కళ్ళెదుటే మేడకి పై అంతస్తు ఎక్కిస్తాడు. అది ఎక్కిందంటే ఈ ప్లాట్లు ఇక ఎప్పటికీ బోసివే.

పిన్నికి గాజు గదిలోకి పిలుపు వచ్చింది.

"నీ కూతురి ఇల్లు ఎప్పటికీ ఉంటుందమ్మా. నాదీ పూచీ. నువ్వు మాత్రం వాళ్ళతో తిరక్కు."

పిన్ని బయటికొచ్చింది. మెట్ల దగ్గర అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఎందుకు చూడలేదో ఆమెకు అర్థమైంది. హాల్లో చేరగానే ఎవరికైనా మొదట నేర్పే పాఠం ఒకటుంది. ఒకదానికొకటి జోడించిన దిమ్మలు సగం లెక్కలోకే వస్తాయి. విడగొడితే పూర్తి లెక్క. ఊరు మొత్తంలో కాంట్రాక్టరు చెయ్యి పడకుండా మిగిలింది ఆ పిల్ల ఇల్లొక్కటే. దాన్ని విడగొడితే బరువు రెట్టింపవుతుంది, రాశిలో మిగిలింది ఖర్చయిపోతుంది, పై అంతస్తు ఎక్కదు. ఈ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమెను అడగడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు.

"నా కూతురి పేరుతో ఆ ఇంట్లోకి వెళ్ళే తాళం మాట నాకు తెలుసు," అంది పిన్ని. "అదే నాకు చెప్పి పోయింది."

"వద్దు పిన్నీ," అంది అమ్మాయి ఏడుస్తూ. "ఇంకో దారి చూద్దాం."

"ఏ దారో చెప్పవే. నాకూ ఇంకో దారి కావాలనే ఉంది."

మీసాలాయన గొంతు సవరించుకున్నాడు. "విడగొట్టినా, తర్వాత మళ్ళీ..."

"వాడు ఉంచుతాడా అన్నయ్యా?"

ఆయన లేచి ఆమెకు దారిచ్చాడు.

సాయంత్రం పిన్ని తన కుర్చీలో కూర్చుని, కూతురి తాళంతో ఆ ఇంట్లోకి వెళ్ళింది. ఆ ఇంటికి మెట్లు లేవు. రోజంతా మెట్లే కడతావు, నీ ఇంట్లో అయినా అవి కనబడకూడదమ్మా అనేది పిల్ల. గడప లేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పి కాబట్టి. పొయ్యి దగ్గర రెండు పీటలు, రెండూ దగ్గర దగ్గరగా. పిన్ని ప్రతి గదిలోకీ వెళ్ళి నిలబడింది. వెనక అందరూ ఆమె కుర్చీ చుట్టూ నిలబడ్డారు.

"నన్ను క్షమించవే తల్లీ" అని విడగొట్టే బటన్ నొక్కింది.

తర్వాత ఒక్కో ముక్కనీ తీసుకెళ్ళి అందరి ప్లాట్లలోనూ పెట్టింది. ఒకచోటే ఉంటే ఒక్క నొక్కుతో చెరిపేస్తాడు. ఇప్పుడు ప్లాటు ప్లాటూ తిరగాలి. గోడ మీసాలాయన తోట ఉన్నచోట పడింది, చూరు అమ్మాయి ప్లాట్లో.

కొనేవాళ్ళు వచ్చారు. బజారు నిండిపోయింది. వాద్యాలు మోగుతుండగా కాంట్రాక్టరు పై అంతస్తును ఎత్తాడు. 'ఈ నేల నిండిపోయింది' అంది ఊరు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అదే మాట. ఒళ్ళు తెలియని కోపంతో ప్లాట్ల మీద పడి ముక్కల్ని చెరపడం మొదలుపెట్టాడు. ఏ దిమ్మ చెరిపినా ముందు దాన్ని చేసినవారి పేరు చూపించడం ఆ ఊరి పద్ధతి. బజారంతా చూస్తుండగా పిల్ల పేరు మళ్ళీ మళ్ళీ వెలిగింది.

"ఎవరీ అమ్మాయి?" అని అడిగారు వచ్చినవాళ్ళు.

హాల్లోవాళ్ళ చేతులు కట్టేశారు గానీ నోళ్ళు కట్టలేదు. తెరలోంచే వంతెన సంగతి చెప్పారు. తలుపులు వేసిన వారం సంగతి చెప్పారు. జ్వరం సంగతి చెప్పారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బజార్లో మొండి మేడ మిగిలింది.

చనిపోయిన మనిషి తాళంతో లోపలికి వెళ్ళిందని పిన్నిని పోలీసులు పట్టుకెళ్ళారు. జీపుకి అడ్డం పడ్డవాళ్ళని లాఠీలతో కొట్టారు.

మర్నాడు స్టేషన్ కిటికీ దగ్గరికి కళ్ళద్దాలమ్మాయి వచ్చింది. ఒక అద్దం పగిలి ఉంది.

"ఎవరి ప్లాటు వాళ్ళ పేరున విడివిడిగా రాసిస్తాడట కాంట్రాక్టరు, పిన్నీ. వచ్చి కూర్చోమంటున్నాడు."

పిన్ని ఊచలు పట్టుకుంది. "ఒప్పుకున్నారా?"

"లేదు. విడివిడిగా అయితే తలా ఒక గుడిసె, మళ్ళీ వాడి చేతుల్లోనే ఉంటాం. అన్నీ కలిపి మా అందరి పేరున పెట్టు, ముందు పిన్నిని విడిపించు, అప్పటిదాకా కుర్చీ ముట్టుకోం అన్నాడు మీసాలాయన. పక్క హాళ్ళవాళ్ళు కూడా పని ఆపేశారు. అందరూ వస్తున్నారు."

"మంచి పని చేశారు," అంది పిన్ని. అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఇల్లేమైనా మిగిలిందా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

పిన్ని కిందికి జారి, అరచేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడే వీధి మలుపులో నినాదాలు మొదలయ్యాయి. వందల గొంతులు ఆమె కూతురి పేరు పెట్టి అరుస్తున్నాయి. కానిస్టేబుల్ లేచి కిటికీ మూయబోయాడు.

"మూయకు బాబూ," అంది పిన్ని ఏడుస్తూనే. "నన్ను విననీ."