అనుమానం నడిపించిన దారి

చెల్లెలు ఇంటికొచ్చినప్పటి నుంచి వస్తువులకు కాళ్లొచ్చాయి. కుట్టుమిషను పక్కన ఉండాల్సిన కత్తెర వంటింటి అలమరలో తేలేది. ఫోను ముందుగదిలో కిటికీ దగ్గర మోగేది. కాళ్లు చాపుకునే పీట అసలు పత్తా లేదు.

అక్క దర్జీ. రుమటాయిడ్ కీళ్లవాతం పట్టుకున్నాక వేళ్లూ మోకాళ్లూ వాచి, కదిపితే ఎక్కడ అరిగిపోతాయోనని కుర్చీకి అతుక్కుపోయింది. "మందులు వేసుకుంటూనే కదులుతుండాలమ్మా" అని డాక్టరు చెబితే తలూపి వచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూలబడింది. బస్సు కండక్టరుగా రిటైరైన చెల్లెలు, తోడుగా ఉంటానంటూ పెట్టె సర్దుకుని వచ్చేసింది.

"నా కత్తెర ఎందుకు తీశావే?"

"నేనా? నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు," అంది చెల్లెలు, మొహం అటు తిప్పుకుని.

మొహం చూసి టికెట్ లేనివాళ్లను పట్టేసిన మనిషికి తను అబద్ధమాడటం మాత్రం చేతకాదు.

అక్క మనసును పురుగు తొలవసాగింది. తనకు మతి పోయిందని నలుగురికీ చెప్పడానికా ఇదంతా? ఓ మధ్యాహ్నం బాల్కనీలోంచి చెల్లెలి గుసగుస వినిపించింది. "ఆఁ, ఇవాళ బాగానే లేచింది... అబ్బే, తనకేం తెలీదు. వచ్చి చెప్తాను."

ఎవరికి? తనను ఏ ఆశ్రమంలోనో పడేసే ఏర్పాటా? కుట్టుమిషనుకు బేరం పెట్టిందా?

"మందుల షాపుకెళ్లొస్తా," అని చెల్లెలు బయల్దేరగానే అక్క కూడా లేచింది. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది. గోడవారగా నడిచింది. మోకాళ్లు మొదట మొరాయించినా, కాస్త దూరం పోయాక దారికొచ్చాయి. చెల్లెలు మందుల షాపు దాటేసింది. కనీసం అటు చూడను కూడా లేదు. అక్కకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో నొప్పి సంగతే గుర్తులేదు.

చెల్లెలు ఆసుపత్రి వెనకున్న ఫిజియోథెరపీ గదిలో దూరింది. అక్క తలుపు పక్కన నిలబడి చెవి ఒగ్గింది.

"వస్తువులు దాచడమేంటండీ?" ఫిజియోథెరపిస్టు గొంతు పెరిగింది. "ఆవిడ నడిచేలా ప్రోత్సహించమన్నాను గానీ ఏమార్చమన్నానా? కీళ్లు బాగా వాచిన రోజున ఆవిడ కత్తెర కోసం ఇల్లంతా తిరిగితే? అసలు ఆవిణ్ని అడిగారా?"

"అడిగితే అరుస్తుంది మేడమ్," చెల్లెలు నసిగింది. "చేతులు ముడుచుకుపోయి ఇక కుట్టలేదేమోనని నా భయం."

అక్క తలుపు తోసింది. "అడగవే! అరుస్తానో లేదో చూద్దాం!"

చెల్లెలు కొయ్యబారిపోయింది. ఫిజియోథెరపిస్టు కుర్చీ జరిపింది.

"ఎలా వచ్చారమ్మా?"

"నడిచి."

"ఎవరు తీసుకొచ్చారు?"

"అనుమానం," అంది అక్క.

ఫిజియోథెరపిస్టు నవ్వేసి, విడమరచి చెప్పింది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు విశ్రాంతి తీసుకుని, కీళ్లను మెల్లగా కదిపితే చాలు. మిగతా రోజుల్లో ఓపికను బట్టి నడవాలి. అంతమాత్రాన కీళ్లు అరిగిపోవు.

"అరిగిపోతే పూచీ మీదేనా?"

"రేపు పొద్దున మీ మోకాళ్లనే అడగండి."

పొద్దున్నే అక్క మోకాళ్లు తడిమి చూసుకుంది. నమ్మకం కలగక మళ్లీ తడిమింది. పిక్కలు పట్టేశాయి గానీ కొత్త వాపేమీ లేదు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"వస్తావా? వస్తే పక్కన నడువు. ఇంకెప్పుడూ నాతో నాటకాలాడకు."

"ఆడను," అంది చెల్లెలు.

కొన్నాళ్లకు కీళ్లు మళ్లీ వాచాయి. చెల్లెలు నడవమని పోరు పెట్టలేదు. టీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. వాపు తగ్గిన రోజున చెల్లెలింకా నిద్ర లేవకముందే అక్క మెట్లు దిగి వీధిలోకి వెళ్లింది.