డ్రైవింగ్ అత్తయ్య వీలునామా

ఆ చుట్టుపక్కల కారు నడిపే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర తిట్లు తిన్నవాళ్ళే. అందుకే ఊరందరికీ ఆవిడ డ్రైవింగ్ అత్తయ్య. చిన్నకోడలికి మాత్రం సొంత అత్తయ్యే. భర్త పోయి, పుట్టింటికి బయలుదేరిన కోడలి చేతిలోంచి పెట్టె లాక్కుని, ఆ చేతిలో కారు తాళాలు పెట్టింది. "ఏడుపు ఎక్కడైనా ఏడవొచ్చు. ముందు క్లచ్ తొక్కడం నేర్చుకో" అంది. అప్పటినుంచీ ఇద్దరూ కలిసే డ్రైవింగ్ స్కూలు నడిపారు.

అత్తయ్య నిద్రలోనే పోయింది. వచ్చిన చుట్టాలు ఇంకా కదలకముందే పెద్దకొడుకు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఇల్లూ, స్కూలూ, రెండు కార్లూ అమ్మవి. ఇక నావి" అన్నాడు మరదలితో. "తమ్ముడు లేడు, వాడికి పిల్లలూ లేరు. అలాగని నిన్ను రోడ్డు మీద పడెయ్యనులే. జీతానికి ఉందువుగాని. ఇక్కడ సంతకం పెట్టు."

"అత్తయ్య వీలునామా రాశారు బావగారూ. రిజిస్ట్రార్ ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను."

"ఏం రాసింది?"

"తెలీదు. నన్ను కారులోనే కూర్చోమన్నారు."

ఆయన నవ్వాడు. "బీరువా అంతా వెతికాను. పరుపు కింద కూడా చూశాను. ఏ కాగితమూ లేదు. ఉన్నా, రేపు నువ్వు ఇంకో పెళ్ళి చేసుకుంటే మా అమ్మ కష్టమంతా పరాయివాడి పాలేగా?"

పినమామ గొంతు సవరించుకుని, "పెద్దవాడు చెబుతున్నాడు కదమ్మా, పెట్టెయ్. గుట్టుగా పోతుంది" అన్నాడు.

కోడలు కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"అత్తయ్య నాకేమీ రాయలేదని తేలితే నా బట్టలు నేనే సర్దుకుంటాను. తేలేదాకా సంతకమూ లేదు, నేను కదిలేదీ లేదు."

మరణ ధ్రువీకరణ పత్రం చేతికి రాగానే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళింది.

"నంబరుందా? తేదీ ఏమిటి?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండానే.

"తేదీ గుర్తులేదు. వాన కుమ్మేస్తోంది ఆరోజు."

"వానలు మేం నమోదు చెయ్యమమ్మా. రేపు రండి."

"రేపూ వస్తాను. ఇవాళా కూర్చుంటాను" అని బెంచీ మీద కూలబడింది. గుమాస్తా భోజనానికి వెళ్ళి వచ్చాడు. ఆమె అక్కడే ఉంది. టీకి వెళ్ళి వచ్చాడు. అక్కడే ఉంది. ఇది వదిలే రకం కాదని ఆయనకు అర్థమై, పేరుతో వెతకడం మొదలుపెట్టాడు.

"దొరికిందమ్మా" అన్నాడు చివరికి. "అసలు కాగితం ఆవిడ ఇంటికి తీసుకెళ్ళనే లేదు. ఇంట్లో కాగితాలకి కాళ్ళొస్తాయి, ఇక్కడే భద్రంగా ఉంచండి అన్నారట. మీకు నకలు ఇస్తాను."

ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివింది. ఇల్లు పెద్దకొడుక్కి. స్కూలూ, కార్లూ చిన్నకోడలికి. ఆ కింద ఇంకో వాక్యం ఉంది: 'నా చిన్నకోడలు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా ఈ హక్కు ఆమెదే. అదేమని అడిగే అధికారం ఎవరికీ లేదు.'

అత్తయ్య శవం దగ్గర కూడా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఆస్తి పోయి ఏడుస్తోందనుకున్నాడో ఏమో, ఒక ముసలాయన తన మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళాడు.

సాయంత్రం ఆమె అందరి ముందూ చదివి వినిపించింది. బావగారి ముఖం కందగడ్డలా అయింది.

"అమ్మకి అప్పటికే మతి చెడింది. ఎవరో పక్కనుండి రాయించారు."

కోడలితో వచ్చిన నర్సు లేచి నిలబడింది. అత్తయ్య దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నావిడే. "సాక్షి సంతకం నాదండీ. మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా అని ఆఫీసరు అడిగాడు. ఆవిడేమన్నారో చెప్పమంటారా? 'నన్ను బలవంతం చెయ్యడానికి ఎవరున్నారు బాబూ? కన్న ఇద్దరిలో ఒకడు పోయాడు, ఇంకోడు ఫోనే ఎత్తడు' అన్నారు."

పినమామ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఇల్లయితే నాదేగా!" అని అరిచాడు బావగారు. "రేపటినుంచి ఆ కార్లు నా వాకిట్లో కనపడకూడదు. మిగతాది కోర్టులో తేల్చుకుంటాను."

"రేపటిదాకా ఎందుకు?" అంది కోడలు.

ఒక కారు తాళం నర్సుకిచ్చింది. తను స్టూలెక్కి గోడ మీది స్కూలు బోర్డు మేకులు పీకడం మొదలుపెట్టింది. స్టూలు ఊగుతుంటే పినమామ వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. బోర్డు కారు మీద కట్టి, గేటు దాటుతూ అద్దం దించింది.

"కోర్టుకి తప్పకుండా రండి బావగారూ. దారి తెలీకపోతే కారు నేనే పంపిస్తాను."

ఆయన లాయరు దగ్గరికి వెళ్ళాడు కూడా. వీలునామా చెల్లదంటే ఇల్లు కూడా ఒక్కడికే రాదు, అది తండ్రి కట్టినది కాబట్టి తమ్ముడి వాటా మరదలికి వస్తుందని లాయరు చెప్పాడట. మింగలేక కక్కలేక తిరిగొచ్చాడు.

కోడలు టైర్ల కొట్టు పక్కన ఒక షెడ్డు అద్దెకి తీసుకుంది. ఎండకి రేకులు కాలేవి, పైగా రబ్బరు కంపు. అయినా నేర్చుకునేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఒకరోజు పొద్దున్నే బావగారి భార్య వచ్చి, చెప్పులు విడవాలో అక్కర్లేదో తెలియక గుమ్మంలోనే నిలబడింది.

"నేర్చుకుంటాను" అంది. "మీ బావగారికి చెప్పలేదు. భయంగా ఉంది."

"కారంటేనా అక్కా, ఆయనంటేనా?"

"రెండూ."

"కారు భయం నేను పోగొడతాను" అని కోడలు డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకుంది. "ముందు ఎక్కండి."